చేతిలో ఉన్న బీ1/బీ2 వీసాతో అమెరికా వెళ్లి వార్తా కథనాలు రాయవచ్చా, లేక విలేకరుల ఐ వీసా తీసుకోవాలా?

కృష్ణలంక విలేకరి (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. నేను విజయవాడలో పదహారేళ్లుగా పాత్రికేయ వృత్తిలో ఉన్నాను. మొదట ఒక దినపత్రికకు మండల కంట్రిబ్యూటర్‌గా, తరువాత సిటీ రిపోర్టర్‌గా పనిచేసి, మూడేళ్ల క్రితం ఆ ఉద్యోగం వదిలేశాను. ప్రస్తుతం ఒక తెలుగు మాసపత్రికకు, ఒక వార్తా వెబ్‌సైటుకు కథనాలు రాస్తున్నాను. రెండింటిలో ఏ ఒక్కచోటా నా పేరు జీతాల పట్టీలో లేదు. కథనానికి ఇంత అని లెక్కగట్టి నెలాఖరున బ్యాంకులో వేస్తారు. జిల్లా స్థాయి అక్రిడిటేషన్ కార్డును పత్రిక మానేసినప్పుడే తిరిగి ఇచ్చేశాను.

జూలై మొదటి వారంలో అమెరికాలో ఒక తెలుగు సంఘం మహాసభలు జరుపుతోంది. రమ్మని నాకు ఆహ్వానం పంపారు, విమాన టికెట్టూ మూడు రోజుల బసా తామే చూసుకుంటామన్నారు. సభల తరువాత మరో నెల రోజులు అక్కడే ఉండి, ఎమ్మెస్ చదవడానికి మన గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వెళ్లిన పిల్లలు ఫీజులకూ అద్దెలకూ ఎలా నెట్టుకొస్తున్నారో, చదువు ముగిశాక ఉద్యోగం దొరకని వారి పరిస్థితి ఏమిటో చూసి, మాసపత్రికకు అయిదు కథనాలు రాయాలన్నది నా ఆలోచన. ఎడిటర్ గారు కూడా సరేనన్నారు. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా అక్క ఉంది కాబట్టి బసకు ఇబ్బంది లేదు.

సందేహం ఇక్కడే వచ్చింది. 2019లో అక్క దగ్గరకు వెళ్లడానికి తీసుకున్న పదేళ్ల బీ1/బీ2 సందర్శక వీసా నా పాస్‌పోర్టులో ఇంకా చెల్లుబాటులో ఉంది. గవర్నర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వారిని అడిగితే, ‘చేతిలో వీసా పెట్టుకొని ఇంకో వీసా ఎందుకండీ, విమానాశ్రయంలో అడిగితే అక్కను చూడటానికి వచ్చానని చెప్పండి, విలేకరినని మాత్రం ఎక్కడా అనకండి’ అన్నారు. ఇంతకుముందు ఇలాంటి సభలకు వెళ్లివచ్చిన ఇద్దరు మిత్రులు కూడా అందరూ అలాగే వెళతారని చెప్పారు. నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు. విలేకరులకు ఐ వీసా అని విడిగా ఒకటి ఉందని విన్నాను. ఉద్యోగం లేని నాబోటి వాడికి అది ఇస్తారా? దానికి ఏమేమి చూపించాలి? తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

బ్రాడీపేట డెస్క్

కృష్ణలంక విలేకరి గారికి నమస్కారం. నేను గుంటూరులో ఒక పత్రిక డెస్కులో చాలా ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ని. విదేశాలకు వెళ్లే రిపోర్టర్లకు ఆఫీసు తరఫున ఉత్తరాలు రాసిపెట్టే బాధ్యత నా మీద ఉండేది కాబట్టి ఈ వ్యవహారం కొంత తెలుసు.

ముందుగా ఆ కన్సల్టెన్సీ వారి మాట పక్కన పెట్టండి. అది మీకు చేటు చేసే సలహా. వీసా కోసమో దేశంలోకి ప్రవేశించడం కోసమో కావాలని అసలు విషయం దాచి అబద్ధం చెప్పినట్టు తేలితే, అమెరికా చట్టం ప్రకారం ఆ మనిషిని జీవితకాలం ప్రవేశానికి అనర్హుడిగా ప్రకటించవచ్చు. ఆ తరువాత అక్కగారింట శుభకార్యానికి వెళ్లాలన్నా ప్రత్యేక మినహాయింపు కోసం అర్జీ పెట్టుకోవలసి వస్తుంది. పైగా మీరు పేరు పెట్టి రాసిన కథనాలు ఇంటర్నెట్‌లో ఉంటాయి. వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారంలో గడచిన అయిదేళ్లలో వాడిన సామాజిక మాధ్యమాల ఖాతాల పేర్లు కూడా 2019 నుంచి అడుగుతున్నారు. విలేకరినన్న సంగతి దాచిపెట్టాలన్నా దాగదు.

ఇక అసలు విషయానికి వస్తాను. 1952 నాటి అమెరికా వలస చట్టంలోనే విదేశీ పత్రికలు, రేడియో, చలనచిత్రం, ఇతర సమాచార మాధ్యమాల ప్రతినిధుల కోసం ఒక తరగతి పెట్టారు. చట్టంలో ఆ ఉపవిభాగానికి ఉన్న అక్షరాన్ని బట్టి దానికి ఐ వీసా అని పేరు. వార్తా సంస్థ ప్రధాన కార్యాలయం అమెరికా బయట ఉండాలి, వెళ్లే మనిషి ఆ సంస్థ కోసం వార్తా సేకరణకే వెళ్లాలి. ఈ రెండూ కుదిరితే అది ఐ వీసా పని. చేతిలో బీ1/బీ2 ఉన్నంత మాత్రాన ఆ పని సందర్శకుడి పనిగా మారిపోదు. ఏ వీసా కావాలన్నది అక్కడ మీరు చేయబోయే పనిని బట్టి తేలుతుంది, పాస్‌పోర్టులో ఇప్పటికే అతికించి ఉన్న కాగితాన్ని బట్టి కాదు.

విలేకరి అయిన పాపానికి ప్రతిసారీ ఐ వీసాయే కావాలని కూడా లేదు. ఏదైనా సదస్సుకు కేవలం ప్రతినిధిగా వెళ్లి, దాని గురించి వార్త రాయకుండా తిరిగి వచ్చేస్తే సందర్శకుల వీసా సరిపోతుంది. విశ్వవిద్యాలయంలో అతిథిగా ప్రసంగించి గౌరవ పారితోషికం పుచ్చుకోవచ్చు. అయితే ఒక్కో సంస్థలో తొమ్మిది రోజులకు మించకూడదు, ఆరు నెలల్లో అయిదు సంస్థలకు మించి పుచ్చుకోకూడదు. సెలవు పెట్టి అక్కను చూసి రావడానికి అడ్డే లేదు. కానీ మీరు అయిదు కథనాలు ముందే ఒప్పుకొని, వాటికి డబ్బు పుచ్చుకొని వెళుతున్నారు. ఇందులో సందేహానికి తావు లేదు.

‘అందరూ అలాగే వెళతారు’ అన్న మీ మిత్రుల మాటకు ఒక పాత సంగతి గుర్తు చేస్తాను. 2004 మే నెలలో ఎలెనా లాపిన్ అనే బ్రిటన్ రచయిత్రి గార్డియన్ పత్రిక పని మీద లాస్ ఏంజెలెస్‌లో దిగారు. బ్రిటన్ వారికి వీసా లేకుండానే వెళ్లే వెసులుబాటు ఉంది కాబట్టి ఆవిడ కూడా అలాగే వెళ్లారు. పత్రిక పని మీద వచ్చానని అధికారులకు ఉన్నదున్నట్టు చెప్పినందుకు ఆవిడను రాత్రంతా నిర్బంధంలో ఉంచి, మరునాడు వెనక్కి పంపేశారు. దానికి ఏడాది ముందు వీడియో గేముల ప్రదర్శన గురించి రాయడానికి వెళ్లిన ఫ్రెంచి విలేకరులకు కూడా అదే విమానాశ్రయంలో అదే గతి పట్టింది. వీసాయే అక్కరలేని దేశాల వారికి, వీడియో గేముల వార్తకు, అంత జరిగింది. అక్కడి పత్రికలు కూడా ఆ పద్ధతిని తప్పుబట్టాయి కానీ నిబంధన మాత్రం మారలేదు.

మీకు ఉద్యోగం లేదన్నది అడ్డంకి కాదు. స్వతంత్ర విలేకరులకూ ఐ వీసా ఇస్తారు. అయితే ఉద్యోగి ఆఫీసు ఉత్తరం తీసుకువెళితే సరిపోయేచోట, మీరు పత్రికతో చేసుకున్న ఒప్పందం ప్రతి చూపించాలి. అందులో మీ పేరు, మీరు ఏ హోదాలో రాస్తున్నారు, ప్రయాణం ఎందుకు, ఎన్నాళ్లు, ఒప్పందం ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అన్నవి స్పష్టంగా ఉండాలి. మన మాసపత్రికల్లో నోటిమాట మీద నడిచే వ్యవహారమే ఎక్కువ. ఎడిటర్ ఫోన్ చేసి ‘పది పేజీలు ఉంచాను, పదిహేనో తేదీకి పంపు’ అంటే అదే మనకు ఒప్పందం. కాన్సులేట్ కిటికీ దగ్గర ఆ మాట చెల్లదు. కాబట్టి ఎడిటర్ గారిని ఈ వారమే కూర్చోబెట్టి కాగితం రాయించుకోండి. లెటర్‌హెడ్ మీద పత్రిక రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరిగా వేయించండి. మనం అలవాటుగా ఆర్‌ఎన్‌ఐ అనే పత్రికల నమోదు కార్యాలయం 2023 చట్టం వచ్చాక, 2024 మార్చి నుంచి ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ అయింది. పాత నంబరు ఉన్నా ఇబ్బంది లేదు, పత్రిక నిజంగా నడుస్తున్నదని తెలిస్తే చాలు.

మీ పేరుతో వచ్చిన కథనాలు పది పన్నెండు కత్తిరించి ఒక ఫైలులో పెట్టుకోండి. అవి తెలుగులో ఉంటాయి కాబట్టి ఒక్కొక్కదాని పైన ఇంగ్లీషులో రెండు మూడు వాక్యాల సారాంశం టైపు చేసి అంటించండి. గడచిన ఏడాది పారితోషికాలు పడిన బ్యాంకు స్టేట్‌మెంటు కూడా ఉంచుకోండి. అక్రిడిటేషన్ కార్డు లేని లోటును ఇవి చాలావరకు పూడుస్తాయి.

మంగళగిరి మగ్గం

బ్రాడీపేట డెస్క్ గారు చెప్పిన దానికి నా అనుభవం ఒకటి జోడిస్తాను. నేనూ స్వతంత్రంగా రాసేదాన్నే. ఎక్కువగా చేనేత, స్త్రీల పని గురించి రాస్తాను. ఇలాంటి సభల వార్తల కోసమే ఐ వీసాకు దరఖాస్తు చేసి, ఒక్క మాట మూలంగా దాదాపు అయిదు వారాలు ఆగిపోయాను.

నాకు రాయించిన పత్రిక పేరు చెప్పను. ఆ ఆఫీసులో ఉత్తరం రాసిన పెద్దమనిషి మన సభలూ సమావేశాలకు రాసే అలవాటు చొప్పున, ‘మహాసభలకు హాజరై, వాటికి విస్తృత ప్రచారం కల్పించే నిమిత్తం’ నన్ను పంపుతున్నట్టు రాశారు. ఇంగ్లీషులోకి మార్చినవారు ప్రచారాన్ని యథాతథంగా పబ్లిసిటీ చేశారు. నేను కూడా చదివి, బాగానే ఉందనుకొని సంతకం చేయించుకున్నాను. కిటికీ అవతల ఉన్న అధికారిణి తెలుగు దుభాషి అక్కరలేదన్నాక నాతో ఇంగ్లీషులోనే మాట్లాడారు. ఉత్తరం చదివి, ఆ మాట మీద వేలు పెట్టి, ‘మీరు వార్త రాయడానికి వెళుతున్నారా, ఆ సంఘానికి ప్రచారం చేయడానికి వెళుతున్నారా?’ అని అడిగారు. నేను వార్త రాయడానికే అన్నాను. ‘టికెట్టు ఎవరు కొంటున్నారు?’ అన్నారు. సంఘం వారే అన్నాను. ‘పత్రికతో మీ కాంట్రాక్టు ఏది?’ అన్నారు. నా దగ్గర లేదు. మూడు ప్రశ్నలకూ నేను నిజమే చెప్పాను, కానీ మూడు జవాబులూ కలిపి చూస్తే వార్త రాసే మనిషి కనిపించలేదు, సభల కరపత్రం రాసే మనిషి కనిపించింది. 221(జీ) అని అచ్చువేసిన కాగితం చేతికిచ్చి, ఒప్పందం తెచ్చి సమర్పించమన్నారు. అది తిరస్కరణే అయినా తలుపు పూర్తిగా మూసినట్టు కాదు. కోరిన కాగితాలు ఇస్తే మళ్లీ చూస్తారు. చివరకు వీసా వచ్చింది, అప్పటికి సభలు అయిపోయాయి. మిగిలిన కథనాల కోసమే వెళ్లాను.

కారణం తరువాత తెలిసింది. ఐ వీసా వార్తలకూ, సమాచారానికీ పరిమితం. ప్రచార చిత్రాలు, వాణిజ్య ప్రకటనలు, వినోద కార్యక్రమాలు, కథ అల్లి తీసే రియాలిటీ షోల వంటివి దాని కిందకు రావు. వాటికి వేరే తరగతులు ఉన్నాయి. కాబట్టి అన్నగారూ, మీ ఉత్తరంలో ప్రచారం, కవరేజీ సహకారం, సాంస్కృతిక రాయబారి వంటి మాటలు ఎక్కడా రాకుండా చూసుకోండి. సంఘం వారు టికెట్టు కొనడం నేరమేమీ కాదు. ఖర్చు ఎవరు భరిస్తున్నారని డీఎస్-160లోనే ఒక ప్రశ్న ఉంది, ఉన్నది ఉన్నట్టు నింపాలి. నన్నడిగితే మాత్రం, వీలైతే ఆ టికెట్టు పత్రిక చేతనో మీ సొంత డబ్బుతోనో కొనిపించుకోండి. వీసా సంగతి అలా ఉంచి, వారి టికెట్టు మీద వెళ్లి, వారి సభల్లో వర్గపోరు గురించి మీరు నిర్మొహమాటంగా ఎలా రాస్తారు చెప్పండి.

హైదరాబాద్ ప్రయాణం గురించి కొంచెం చెబుతాను. కాన్సులేట్ 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలై 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మారింది. అంతకు ముందు మన జిల్లాల వారు చెన్నై పోవలసి వచ్చేదట. వేలిముద్రలు, ఫొటో ఒక రోజు, ఇంటర్వ్యూ మరో రోజు ఉంటాయి. వేలిముద్రల కేంద్రం హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింది అంతస్తులో ఉంది. నేను పండిట్ నెహ్రూ బస్టాండులో రాత్రి బస్సెక్కి తెల్లవారేసరికి అక్కడికి చేరాను. ఇంటర్వ్యూకు ఫోను లోపలికి రానివ్వరు కాబట్టి తోడు ఎవరైనా ఉంటే వారి చేతికి ఇచ్చి వెళ్లడం మంచిది. డ్రాప్‌బాక్సులో కాగితాలు వేసి ఇంటర్వ్యూ లేకుండా పని కానిచ్చే వెసులుబాటు 2025 సెప్టెంబరు 2 నుంచి ఐ వీసాకు లేదు. మీకు బీ వీసా ఉన్నా స్వయంగా వెళ్లి నిలబడవలసిందే.

కృష్ణలంక విలేకరి

ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘విస్తృత ప్రచారం’ అన్న మాట చదివి ఉలిక్కిపడ్డాను, ఎందుకంటే మా ఎడిటర్ గారు నిన్న వాట్సాప్‌లో పంపిన ముసాయిదాలో అచ్చంగా అదే ఉంది. మరో మూడు సందేహాలు. ఐ వీసా వస్తే నా బీ1/బీ2 రద్దు చేస్తారా? ఐ వీసా మీద వెళ్లి అక్క ఇంట్లో ఉండవచ్చా? నా భార్య, పన్నెండేళ్ల బాబు కూడా వస్తామంటున్నారు, వారికి ఏ వీసా?

బ్రాడీపేట డెస్క్

ఒకే పాస్‌పోర్టులో రెండు తరగతుల వీసాలు ఉండవచ్చు. అయితే దేశంలోకి అడుగు పెట్టేటప్పుడు ఒక్క హోదాలోనే ప్రవేశం ఇస్తారు. కాబట్టి విమానాశ్రయంలో ఐ వీసా ఉన్న పేజీ తెరిచి ఇచ్చి, పత్రిక పని మీద వచ్చానని చెప్పండి. అక్కడి అధికారులు బీ2 హోదాలో రాసేస్తే తీసుకున్న శ్రమంతా వృథా. బయటికి రాగానే ఏ హోదాలో ప్రవేశం ఇచ్చారో చూపించే ఐ-94 రికార్డు తెరిచి తరగతి సరిగా పడిందో లేదో చూసుకోండి. ఐ వీసా మీద వెళ్లినవారు అక్క ఇంట్లో ఉన్నా, పండగ చేసుకున్నా ఎవరూ కాదనరు.

భార్యకు, ఇరవై ఒక్క ఏళ్ల లోపు అవివాహితులైన పిల్లలకు మీతోపాటు ఐ వీసాయే ఇస్తారు. వారు చదువుకోవచ్చు కానీ ఉద్యోగం చేయకూడదు. మనిషికొక డీఎస్-160 నింపాలి. దరఖాస్తు రుసుము మనిషికి 185 డాలర్లు. అది కాక 2025 జూలైలో చేసిన చట్టంలో వీసా ఇచ్చేటప్పుడు వసూలు చేసేందుకు మరో 250 డాలర్ల రుసుము కూడా పెట్టారు కాబట్టి ముగ్గురికీ కలిపి లెక్క వేసుకొని, ఆ తరువాతే వారికి మాట ఇవ్వండి. అయిదు వారాల పనికి కుటుంబాన్ని వెంటపెట్టుకు వెళితే కథనాలు ఎన్ని వస్తాయో నాకు సందేహమే, అది మీ ఇంటి విషయం అనుకోండి.

ఫారం నింపేటప్పుడు ప్రయాణ కారణం దగ్గర విదేశీ మాధ్యమ ప్రతినిధి అన్నదే ఎంచుకోండి. వృత్తుల జాబితాలో జర్నలిస్టు అని విడిగా కనిపించకపోతే కమ్యూనికేషన్స్ ఎంచుకొని, పని వివరాల గడిలో స్వతంత్ర విలేకరినని రాయండి. ఇరవై నిమిషాలు ముట్టుకోకుండా వదిలేస్తే ఆ పేజీ మూసుకుపోతుంది. అప్లికేషన్ నంబరును మొదటే కాగితం మీద రాసిపెట్టుకోకపోతే మళ్లీ మొదటి నుంచి నింపవలసి వస్తుంది. ఒకసారి మా రిపోర్టరు నింపుతుండగా పక్క టేబులు మీద ఏదో పెద్ద వార్త వచ్చి లేచి వెళ్లాడు, తిరిగి వచ్చేసరికి మూడొంతులు పోయింది.

నాగార్జున యూనివర్సిటీ విద్యార్థి

పెద్దలకు నమస్కారం. నేను జర్నలిజం చదువుతున్నాను. ఒక చిన్న సందేహం. పత్రిక ఏదీ లేకుండా సొంత యూట్యూబ్ చానల్ నడిపేవారికి ఈ వీసా దొరుకుతుందా? ఇతర దేశాల్లో కూడా విలేకరులకు ఇలా విడి వీసా ఉంటుందా?

బ్రాడీపేట డెస్క్

బాబూ, చానల్ మీద నాకు చిన్నచూపు లేదు, కానీ కిటికీ అవతలి అధికారి మొదట అడిగేది నిన్ను ఏ సంస్థ పంపుతున్నదని. నీకు నువ్వే ఉత్తరం రాసుకుంటే బలం ఉండదు. రిజిస్టరైన వార్తా సంస్థ ఏదైనా నీ చేత ఫలానా కథనాలు చేయించుకుంటున్నట్టు ఒప్పందం ఉంటే నీ పరిస్థితి కృష్ణలంక వారి పరిస్థితి లాంటిదే అవుతుంది. ఎక్కడెక్కడ ఏమి తినాలో చూపించే వీడియోలు తీస్తానంటే మాత్రం అది వార్తా సేకరణ అని ఒప్పించడం కష్టం.

దేశాన్ని బట్టి పద్ధతి మారుతుంది. బ్రిటన్‌లో మన దేశపు పత్రిక కోసం కొద్ది రోజులు సమాచారం సేకరించి రావడానికి సాధారణ సందర్శక వీసాయే చాలు, అందులో ఆ పనికి అనుమతి ఉంది. పత్రిక ప్రతినిధిగా దీర్ఘకాలం అక్కడే ఉండటానికి మాత్రం విదేశీ వ్యాపార సంస్థల ప్రతినిధుల తరగతి కింద దరఖాస్తు చేయాలి. ఆ తరగతిని 2022 ఏప్రిల్‌లో ఇతర సంస్థల కొత్త దరఖాస్తులకు మూసేసి, పత్రికలు, వార్తా సంస్థలు, ప్రసార సంస్థల ఉద్యోగులకు మాత్రం ఉంచారు. చైనా వారు అమెరికా కన్నా స్పష్టంగా రెండు ముక్కలు చేశారు. 180 రోజులకు మించి అక్కడే ఉండి పనిచేసే విలేకరికి జే1, కొద్దిరోజుల పనికి జే2. అయితే అక్కడ వీసా కాగితాల కన్నా దౌత్య సంబంధాలే ఎక్కువ లెక్కకు వస్తాయి. 2023లో భారత్, చైనాలు ఒకరి విలేకరులకు మరొకరు వీసాలు పొడిగించకపోవడంతో బీజింగ్‌లో మన విలేకరులు దాదాపు ఖాళీ అయిపోయారు.

అమెరికాలో ఐ వీసా మీద వెళ్లినవారు ఆ పనిలో కొనసాగినంత కాలం ఉండేలా ఇన్నాళ్లూ ప్రవేశం ఇస్తూ వచ్చారు. దాన్ని 240 రోజులకు పరిమితం చేసి, అవసరమైతే పొడిగింపు కోరే పద్ధతి పెట్టాలని అక్కడి హోంలాండ్ సెక్యూరిటీ శాఖ 2025 ఆగస్టులో ప్రతిపాదించింది. అయిదు వారాలకు వెళ్లేవారి మీద దాని ప్రభావం ఉండదు. వాషింగ్టన్‌లో ఏళ్ల తరబడి కూర్చునే ప్రతినిధులకే అది దెబ్బ.

డల్లాస్‌లో తెనాలి

ఇదే విషయం తిరగేసి చూస్తే ఎలా ఉంటుందో నేను చెబుతాను. మాది తెనాలి దగ్గర పల్లె, ఇప్పుడు అమెరికా పౌరసత్వం ఉంది. ఇక్కడి ఒక ఇంగ్లీషు పత్రికకు అప్పుడప్పుడు రాస్తుంటాను. అమరావతి రైతుల గురించి రాయడానికి నిరుడు ఇంటికి రావాలనుకున్నప్పుడు, విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి వారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉంది కదా, నా ఊరికి నేను వెళ్లడానికి అడ్డేమిటని అనుకున్నాను. 2021 మార్చి 4 నాటి హోం శాఖ నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ ఉన్నవారు కూడా భారతదేశంలో పాత్రికేయ పని చేయాలంటే ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. మా అమ్మను చూడటానికి ఏ అనుమతీ అక్కరలేదు, మా అమ్మ పొలం గురించి ఇక్కడి పత్రికకు రాయాలంటే అనుమతి కావాలి. ఓసీఐ లేని విదేశీ విలేకరులైతే భారత్ ఇచ్చే విలేకరుల వీసా అయిన జే వీసాకు దరఖాస్తు చేయాలి, పర్యాటక వీసా మీద వచ్చి రాయకూడదు. కాబట్టి అమెరికా ఒక్కటే ఇలా పట్టుబడుతోందని అనుకోవద్దు.

కృష్ణలంక అన్నగారికి ఒక మాట. ఇక్కడి మన విద్యార్థులు విలేకరితో మాట్లాడటానికి భయపడతారు. విద్యార్థుల ఎఫ్1 వీసా మీద ఉండి బయట ఎక్కడో గంటల చొప్పున పనిచేసిన పిల్లవాడి పేరు, ఊరు మీ కథనంలో వస్తే అతడి హోదాకే ముప్పు. మీ కాగితాలు ఎంత సవ్యంగా ఉన్నా అతడి కాగితాలు అంత సవ్యంగా ఉండకపోవచ్చు. పేర్లు మార్చి రాస్తామని ముందే మాట ఇచ్చి మొదలుపెట్టండి.

పటమట కెమెరా

కాగితాల సంగతి పెద్దలు చెప్పారు, సామాను సంగతి నేను చెబుతాను. కెమెరా, రెండు లెన్సులు, మైకు ఇక్కడి నుంచి పట్టుకెళితే, తిరిగి వచ్చేటప్పుడు అక్కడ కొన్న వస్తువులనుకొని మన కస్టమ్స్ వారు సుంకం అడిగే ప్రమాదం ఉంది. అందువల్ల శంషాబాద్‌లో విమానం ఎక్కే ముందే కస్టమ్స్ కౌంటరులో సీరియల్ నంబర్లతో ఎగుమతి ధ్రువీకరణ పత్రం తీసుకోండి. బిల్లులు దొరికితే వాటి ప్రతులు కూడా వెంట ఉంచుకోండి. దీనికి ఒక గంట ముందుగా వెళ్లాలి. కెమెరాను చెక్-ఇన్ సామానులో వేసేశాక అడిగితే వస్తువు చూపించమంటారు, అప్పుడు చూపించడానికి ఉండదు. నాకు అలాగే జరిగింది. పెద్ద యూనిట్టు, ట్రైపాడ్లు, లైట్లు ఉంటే సామాను సుంకం లేకుండా తాత్కాలికంగా వేరే దేశానికి తీసుకెళ్లి తెచ్చుకోవడానికి ఏటీఏ కార్నెట్ అనే పత్రం ఉంది. దాన్ని మన దేశంలో ఫిక్కీ అనే వాణిజ్య, పరిశ్రమల సమాఖ్య వారు ఇస్తారు. మీకున్న రెండు లెన్సులకు అంత హంగామా అక్కరలేదు. విడి బ్యాటరీలు మాత్రం చేతి సంచిలోనే పెట్టుకోవాలి.

కృష్ణలంక విలేకరి

అందరికీ ధన్యవాదాలు. సంఘం వారికి ఫోన్ చేసి, టికెట్టు నేనే కొనుక్కుంటానని మర్యాదగా చెప్పాను. కొంచెం నొచ్చుకున్నారు. భార్య, బాబు ఈసారికి రావడం లేదు. ఎడిటర్ గారి దగ్గర కూర్చొని ఒప్పందం ముసాయిదా మళ్లీ రాయించాను. దాని తెలుగు పాఠం ఇది, ఇంగ్లీషులో కూడా ఇలాగే ఉంటుంది. దయచేసి చూసి చెప్పండి:

‘స్వతంత్ర విలేకరి అయిన ఈయన మా మాసపత్రికతో ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు ఒప్పందంలో ఉన్నారు. ఈ ఒప్పందం కింద జూన్ 28 నుంచి ఆగస్టు 2 వరకు అమెరికాలో ఉండి, అక్కడి తెలుగు సంఘం మహాసభలకు హాజరై, తెలుగు విద్యార్థుల చదువు, జీవన పరిస్థితుల గురించి అయిదు వార్తా కథనాలు సేకరించి రాస్తారు. ఇవి భారతదేశంలో మా పత్రికలో ప్రచురితమవుతాయి. పారితోషికాన్ని మా పత్రిక విజయవాడలో రూపాయల్లో చెల్లిస్తుంది. ప్రయాణ ఖర్చులు విలేకరి భరిస్తారు.’

మంగళగిరి మగ్గం

బాగుంది అన్నగారూ. ‘మహాసభలకు హాజరై’ అన్నది మాత్రం తీసేసి ‘మహాసభల వార్తలు సేకరించి’ అని రాయించండి. హాజరయ్యేవాడు అతిథి, సందర్శక వీసా చాలు కదా అంటారు. పత్రిక రిజిస్ట్రేషన్ నంబరు కింద ఎడిటర్ గారి ఫోన్ నంబరు కూడా వేయించండి, ఇంటర్వ్యూ జరిగే రోజున ఆయన్ను ఫోన్ ఎత్తమని చెప్పండి.

కృష్ణలంక విలేకరి

మార్పించాను. సాయంత్రం సంతకం చేస్తానన్నారు. ఎడిటర్ గారు తెలియని నంబర్లు ఎత్తరు, ఆ ఒక్కటీ వారి శ్రీమతి గారికి చెప్పి వచ్చాను.